పాల్ బాయ్మర్‌కి ఉన్నది పీటీఎస్‌డీయేనా?

తెల్లకాగితం_18
'ఆల్ క్వయిట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్' (మొదటి ప్రపంచయుద్ధం మీద రిమార్క్ రాసిన జర్మన్ నవల) మీద ఏ వ్యాసం తిరగేసినా ఒకటే మాట: కథ చెప్పే కుర్ర సిపాయి పాల్ బాయ్మర్‌కి పీటీఎస్‌డీ, అంటే ప్రాణాపాయం ఎదురయ్యాక మనసుని వదలని జబ్బు. ఆ పేరు పెట్టగానే వ్యాసం అయిపోతుంది. డీఎస్ఎమ్-5 (మానసిక జబ్బుల నిర్ధారణకి వాడే పుస్తకం) ఒక పక్క, నవల ఒక పక్క పెట్టుకుని ఒక్కో లక్షణానికి ఆధారం వెతికితే కొన్ని అతుకుతున్నాయి, కొన్ని ససేమిరా అతకడం లేదు. ట్రామ్ కీచుమంటే ఉలిక్కిపడటం ఉంది. ఇంట్లో యుద్ధం ఊసెత్తకపోవడం ఉంది. ఎవరితోనూ కలవలేకపోవడం ఉంది. కానీ రెండో అధ్యాయం చివర కెమ్మెరిక్ చనిపోయాక పాల్ ఆసుపత్రి బయటికొచ్చి పరిగెడతాడు, ఒళ్లంతా బలం పుంజుకుంటుంది, ఆకలేస్తుంది. స్నేహితుడి శవం పక్కనుంచి లేచొచ్చిన మనిషికి బతికున్నానన్న పొంగు. దీన్ని ఏ గడిలో వెయ్యాలి? అసలు ఆ పేరు పెట్టొచ్చా? పెట్టకూడదంటే ఇతని మనసుని ఏ దారిన చదవాలి?

మనోలిపి
పెట్టకూడదు. 'పోస్ట్' అన్న మాటే అతనికి వర్తించదు. పాల్‌కి 'తర్వాత' అన్నది రానేలేదు. 1918 అక్టోబర్‌లో పోయాడు. కాల్పులు ఆగింది నవంబర్ 11న.

పాతఅట్ట
@మనోలిపి, 'పోస్ట్' అంటే యుద్ధం అయిపోయాక అని కాదండీ, ఘటన జరిగాక అని. లక్షణాలు నెల దాటి ఉంటే చాలు, యుద్ధం పక్కనే నడుస్తున్నా నిర్ధారణ చెయ్యొచ్చు. నెల గడువు పాల్ ఎప్పుడో దాటాడు. ఆ మాట పట్టుకుని కొట్టెయ్యడం కుదరదు.

మనోలిపి
నిజమే, అలా చెప్పడం తప్పు. సరిగ్గా చెప్తాను.

డీఎస్ఎమ్-5లో మొదటి షరతు ప్రాణాపాయం ఎదురవడం. దాని మీద వాదన లేదు. ఆ తర్వాత నాలుగు గుంపులు. జ్ఞాపకం చొరబడటం (పీడకలలు, మళ్లీ అక్కడే ఉన్నట్టు అనిపించడం) గుంపులోంచి ఒకటి కావాలి. తప్పించుకు తిరగడంలోంచి ఒకటి. ఆలోచనలు, భావాలు చెడటంలోంచి రెండు. అతి అప్రమత్తత, ఉలికిపాటు లాంటివాటిలోంచి రెండు.

తప్పించుకోవడం ఉంది. భావాల గుంపులో రెండు కాదు, మూడు నాలుగు దొరుకుతాయి. చిక్కు మొదటి గుంపులో, చివరి గుంపులో. సెలవు అధ్యాయం మొత్తం గాలించినా పీడకలకి గట్టి ఆధారం దొరకదు. ఇక అప్రమత్తత సంగతి. నాలుగో అధ్యాయంలో పాలే చెప్తాడు: షెల్ (ఫిరంగి గుండు) వస్తోందని బుర్రకి తెలిసేలోపే ఒళ్లు నేలకి అంటుకుపోతుంది, ముక్కలు పైనుంచి పోతాయి, ఆలోచించి పడుకుందామనుకునేవాడు బతకడు అని. ఆ చెవి అక్కడ ప్రాణం కాపాడే పనిముట్టు. ఆ చెవే ఊళ్లో ట్రామ్ కీచుకి ఉలిక్కిపడితే లక్షణం. దేన్నైనా లక్షణం అనాలంటే అది చోటు తప్పి ఉండాలి కదా.

అంచేత 'ఉందా, లేదా' అన్న ప్రశ్న పక్కన పెట్టండి. కందకంలో ఏది పనికొచ్చింది, అదే గుణం ఇంట్లో ఏం చేసింది? ఇలా చోటు మార్చి చోటు చదివితే పాల్ దొరుకుతాడు. లేబుల్ అతికిస్తే ఈ తేడా చెరిగిపోతుంది.

గోధూళి
దీనికి బూట్ల కథే అన్నిటికంటే మంచి ఉదాహరణ. కెమ్మెరిక్ కాలు తీసేశారు. ఇంకా ప్రాణంతోనే ఉన్నాడు. తోటి సిపాయి మ్యూలర్ వచ్చి మంచం కింది బూట్లు అడుగుతాడు. మొదటిసారి చదివే ఎవరికైనా మ్యూలర్ రాయిలా కనిపిస్తాడు. పాల్ మాత్రం అతన్ని వెనకేసుకొస్తాడు: ఆ బూట్లు కెమ్మెరిక్‌కి పనికొచ్చేవే అయితే మ్యూలర్ ముళ్లకంచె మీద వట్టికాళ్లతో నడిచేవాడు తప్ప వాటి జోలికి వచ్చేవాడు కాదు అంటాడు. అంటే మమత చావలేదు. పనికొచ్చేదానికీ పనికిరానిదానికీ మధ్య గోడ కట్టుకున్నారు. మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ హిరోషిమాలో బతికి బయటపడినవాళ్ల మీద రాసిన పుస్తకంలో (1967) మనసు మొద్దుబారడం అని చెప్పింది దీనికి దగ్గరగా ఉంటుంది. భావాన్ని నరికెయ్యడం కాదు, పని నడవడానికి దాన్ని కాసేపు మూసిపెట్టడం.

మొద్దుబారింది కాబట్టి పాల్‌కి ఏమీ అనిపించదు అని రాస్తే మాత్రం నవలకి అన్యాయం చేసినట్టే.

కందకం_నోట్సు
@తెల్లకాగితం_18, డీఎస్ఎమ్ మూసేసి ఒక పెన్సిలు పట్టుకోండి. పాల్ 'మేము' అన్న చోట్లన్నీ వదిలేసి, 'మేము'లోంచి 'నేను'లోకి జారిన చోట మార్జిన్‌లో గీత పెట్టండి. నవలలో ఉన్నవి 12 అధ్యాయాలే, ఒక ఆదివారం చాలు.

గీతలు ఎక్కడ గుంపుకడతాయో చూడండి. కెమ్మెరిక్ మంచం దగ్గర, ఆరో అధ్యాయంలో రాత్రి కాపలా కాసేటప్పుడు, ఏడులో సెలవు, ఎనిమిదిలో రష్యన్ ఖైదీల కంచె దగ్గర, తొమ్మిదిలో షెల్ గొయ్యి, చివరి అధ్యాయం. చుట్టూ తోటివాళ్లు లేనప్పుడే 'నేను' వస్తుంది. వచ్చినప్పుడల్లా ప్రమాదమే. దాడి జరుగుతున్నప్పుడు, ఆకలి, పేలు, ఎలుకలు, సిగరెట్లు, అన్నీ 'మేము'. ఆ 'మేము' అతని మనసుకి తొడుగు. అది ఊడినప్పుడు లోపలిది కనిపిస్తుంది.

రెండోసారి చదివేటప్పుడు పాల్ అబద్ధం చెప్పిన చోట్లు గుర్తు పెట్టుకోండి. అమ్మతో ఒకటి, కెమ్మెరిక్ తల్లితో ఒకటి. మూడోసారి, ఒళ్లు ముందు కదిలి మాట వెనక వచ్చిన చోట్లు. మూడూ ఒకే ప్రతి మీద మూడు రంగుల్లో ఉంటే వ్యాసం సగం అయినట్టే.

అనువాదంతో ఒక జాగ్రత్త. 1929లో ఎ.డబ్ల్యు. వీన్ చేసిన ఇంగ్లిష్‌కీ, 1990లలో బ్రయన్ మర్డాక్ చేసినదానికీ మాటల్లో తేడాలున్నాయి. ఒక్క పదం మీద వాదన నిలబెట్టాలనుకుంటే ముందు జర్మన్‌లో ఏముందో చూడండి. లేకపోతే మీరు విశ్లేషించేది అనువాదకుడి మనసవుతుంది.

రాత్రిచదువు
సినిమాలతో కలిపెయ్యకండి. చివర్లో సీతాకోకచిలుక కోసం చెయ్యి చాపి తుపాకీ గుండుకి పోవడం 1930 సినిమాలోది. కాల్పుల విరమణకి కొద్ది నిమిషాల ముందు పోవడం 2022 సినిమాలోది. నవలలో రెండూ లేవు. సీతాకోకచిలుకల పెట్టె మాత్రం పాల్ ఇంట్లో ఉంటుంది, అక్కడినుంచి వచ్చిన ఆలోచన కావచ్చు.

తెల్లకాగితం_18
@కందకం_నోట్సు, 'మేము'/'నేను' ఈ రాత్రే మొదలుపెడతాను. తొమ్మిదో అధ్యాయం దగ్గర మాత్రం సాయం కావాలి. గొయ్యిలో ఫ్రెంచి సిపాయిని పొడిచి, రోజంతా పక్కనే ఉండి, నీ భార్యకి రాస్తాను, నీలాంటివాడికి మళ్లీ ఇలా జరగకుండా పోరాడతాను అని మాటిస్తాడు. మర్నాడు పొద్దున్నే 'యుద్ధమంటే యుద్ధమే' అనేస్తాడు. ఇది ఆత్మవంచనా?

వాక్యవేట
అంత తొందరగా వద్దు. ఆ అధ్యాయాన్ని గంటల లెక్కన చదవాలి.

రాత్రి గొయ్యిలో నక్కి ఉన్నాడు. మనిషి మీద పడ్డాడు. పాల్ ఆలోచించలేదు, పొడిచాడు. ఇది ఒంటి పని. తర్వాత చేతికంటిన నెత్తురు చూసి మన్ను రాసుకుంటాడు. తెల్లవారాక ఆ మనిషి కళ్లు తెరుస్తాడు, భయంతో చూస్తాడు. పాల్ భయం కాస్తా అతని భయంలోకి మారింది చూడండి. బురదనీళ్లు రుమాలులో వడగట్టి తాగిస్తాడు, మూడు గాయాలకీ కట్లు కడతాడు. మధ్యాహ్నం మూడింటికి ఆ మనిషి పోతాడు. అప్పుడు మాటలు మొదలవుతాయి. ఇప్పటిదాకా నువ్వు నాకు ఒక ఆలోచనవి మాత్రమే, ఆ ఆలోచనని పొడిచాను, ఇప్పుడే మనిషిగా కనిపిస్తున్నావు అనే అర్థంలో. ఇంకా పేరు తెలియదు. జేబులోంచి పర్సు తీస్తూ భయపడతాడు, పేరు తెలిస్తే ఇక మర్చిపోలేనని. తెలుస్తుంది. జెరార్ దువాల్, అచ్చు కూర్చే పనివాడు. భార్య ఫొటో, చిన్నపాప ఫొటో.

ఆ తర్వాత పాల్ అనేది గమనించండి: అచ్చుపనివాణ్ని చంపాను కాబట్టి నేనే అచ్చుపనివాణ్ని కావాలి అంటాడు. పశ్చాత్తాపం అలా మాట్లాడదు. చంపిన మనిషిని తనలోకి తీసుకోవడం అది. పోయినవాడి స్థానంలో తను కూర్చుంటే చావు రద్దయిపోతుందన్న ఊహ. ఫ్రాయిడ్ 1917లో దుఃఖం, విషాదరోగం మీద రాసిన వ్యాసంలో చెప్పింది ఇలాంటిదే: పోయినవాణ్ని వదలలేని మనసు అతనిలా మారడం మొదలుపెడుతుంది.

పొద్దు గడిచేకొద్దీ ఆ పూనకం దిగుతుంది. సాయంత్రానికి, మనవాళ్లే నన్ను చూసి కాలుస్తారేమో అన్న భయం వస్తుంది. అంటే తన ప్రాణం మీద తీపి తిరిగొచ్చింది. దాంతో మాటలు వదులవుతాయి. మర్నాడు తోటి సిపాయిలు కాట్, క్రాప్ కలిసి ఓల్‌రిక్ అనే గురికాణ్ని చూపిస్తారు, తూటాకో మనిషిని లెక్కపెట్టుకుంటున్నవాణ్ని. అక్కడ 'మేము' మళ్లీ తొడుక్కున్నాడు పాల్. ఆత్మవంచన అనొచ్చు, కాదనను. కానీ దువాల్‌ని మోస్తూ ఆ రాత్రి కాపలా కాయడం ఎవరి తరమూ కాదు.

పాతఅట్ట
@వాక్యవేట, చదివిన తీరు నచ్చింది. ఒక్కచోట తేడా. 'మేము' తొడుక్కోగానే దువాల్ సంగతి మూసుకుపోయిందన్నట్టు చెప్తున్నారు, ఎక్కడికి పోయింది? ఆ తర్వాతి అధ్యాయాల్లో దువాల్ పేరు పాల్ నోట పెద్దగా రాదు. మూసుకుపోయినదానికీ నిజంగానే మర్చిపోయినదానికీ తేడా ఎలా నిరూపిస్తారు? నవలలో కనపడనిదాన్ని 'అణచుకున్నాడు' అనెయ్యడం మానసిక విశ్లేషణ రాసేవాళ్లకి బాగా అలవాటైన దారి. ఉంటే ఆధారం, లేకపోతే అణచివేతకి ఆధారం. అలా అయితే ఎవరి మీద ఏమైనా రాయొచ్చు.

కందకం_నోట్సు
@పాతఅట్ట, ఈ ప్రశ్నకి జవాబు నవలలోనే ఉంది. ఏడో అధ్యాయం మొదట్లో, సెలవుకి ముందు. ఫ్రంట్ భయానికి వీపు తిప్పుకుంటే అది లోపలికి దిగిపోతుంది అంటాడు పాల్. దాన్ని మోటు హాస్యంతో ఎదుర్కొంటాం, తల వంచుకుని ఉన్నంతసేపు భరించొచ్చు, ఆలోచిస్తే చంపేస్తుంది అంటాడు. ఆ తర్వాతిదే అసలు మాట: ఇప్పుడు రాళ్లలా మనలో అడుగుకి దిగిపోతున్నవన్నీ యుద్ధం అయ్యాక మళ్లీ లేస్తాయి, అప్పుడు మొదలవుతుంది చావుబతుకుల లెక్క.

అతను మర్చిపోలేదు, మర్చిపోయానని అనుకోవడమూ లేదు. ఎక్కడ పెట్టాడో తెలుసు, ఎప్పుడు తిరిగొస్తుందో కూడా తెలుసు. మనకి తెలియకుండా జరిగేది అణచివేత. ఇది తెలిసి చేసిన వాయిదా.

మనోలిపి
ఇదీ మాట. వాయిదా. పీటీఎస్‌డీ అన్న పేరు ఎందుకు ఇరుకవుతుందో ఇంతకంటే బాగా చెప్పలేం. పాల్ ఆ జబ్బు రాబోతోందని తెలిసిన మనిషి. అది వచ్చేలోపే పోయాడు.

పోల్చుకోవాలంటే వర్జీనియా వుల్ఫ్ నవల 'మిసెస్ డాలొవే' (1925)లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సెప్టిమస్ స్మిత్‌ని పక్కన పెట్టండి. యుద్ధం అయిపోయింది, లండన్ పార్కులో కూర్చున్నాడు, యుద్ధంలో ఇటలీలో పోయిన స్నేహితుడు ఎవాన్స్ కనిపిస్తున్నాడు, వైద్యులు అతని మాట వినడం లేదు. పాల్ అన్న రాళ్లు లేచొస్తే ఎలా ఉంటుందో అదీ. ఇద్దరికీ ఒకే లేబుల్ వేస్తే రెండు నవలలూ పోతాయి.

పాతఅట్ట
ఏడో అధ్యాయం వాక్యానికి లొంగిపోయాను. అణచివేత అన్న మాట తీసేసి వాయిదా అని రాయండి, నాకు అభ్యంతరం లేదు.

అక్షరాలగూడు
గాయం గురించే మాట్లాడుతున్నారు అందరూ, వయసు గురించి ఎవరూ ఎత్తలేదు. బడి బెంచీ మీదనుంచి నేరుగా వచ్చినవాడు పాల్. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 'గుర్తింపు సంక్షోభం' అన్న మాట వాడటం మొదలుపెట్టింది రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి చికిత్స చేస్తున్నప్పుడే. నేనెవరు, ఏం చేస్తాను అని తేల్చుకోవడానికి ఆ వయసుకి కొంత గడువు దొరకాలి, పెద్దబాధ్యతలు వాయిదా పడిన గడువు. పాల్‌కి ఆ గడువునే కందకంలో గడపమన్నారు.

ఐదో అధ్యాయంలో మ్యూలర్ అందరినీ అడుగుతాడు, రేపే శాంతి వస్తే ఏం చేస్తారని. కాట్‌కి భార్యాబిడ్డలున్నారు. రైతు డెటెరింగ్‌కి కోతలున్నాయి. హాయీ బొగ్గుమట్టి తవ్వే పనికి పోనని, సైన్యంలోనే ఉండిపోతానని అంటాడు, అదీ ఒక జవాబే. క్రాప్ దగ్గర, పాల్ దగ్గర మాత్రం ఏమీ లేదు. యుద్ధం మనల్ని దేనికీ పనికిరాకుండా చేసిందంటాడు క్రాప్. పనీ ఇల్లూ ముందే ఉన్నవాళ్లకి యుద్ధం మధ్యలో వచ్చిన అడ్డంకి. వీళ్లకి ముందు అంటూ ఏదీ లేదు, తిరిగెళ్లడానికి.

గోధూళి
@అక్షరాలగూడు, సగమే ఒప్పుకుంటా. ఇల్లూ పొలమూ ఉన్నవాళ్లు గట్టిగా నిలబడ్డారన్న అర్థం వస్తోంది. పదకొండో అధ్యాయంలో డెటెరింగ్‌ని చూడండి. పూసిన చెర్రీ చెట్టు కనపడింది, కొమ్మ విరుచుకొచ్చాడు, కొద్దిరోజుల్లో పారిపోయాడు. అదీ తటస్థ దేశం హాలండ్ వైపు కాదు, నేరుగా ఇంటివైపు. దొరక్క ఏం చేస్తాడు? వేరు ఉన్నవాణ్ని ఆ వేరే లాగింది. వేరు లేని పాల్ అలా తెగిపోడు, మెల్లగా ఎండిపోతాడు. రెండూ రెండు రకాల విరుగుళ్లు.

బెర్గర్‌ని కూడా మర్చిపోకండి. కంపెనీలో అందరికంటే బలమైనవాడు. గాయపడ్డ వార్తాహరి కుక్కని తేవడానికి కాల్పుల్లోకి వెళ్లి తనూ దెబ్బతిన్నాడు. మూసిపెట్టిన మమత ఏదో ఒక సందులోంచి బయటపడుతుంది. ఒకరికి చెట్టు, ఒకరికి కుక్క.

సరళరేఖ
గుర్రాల అరుపులు వినలేక డెటెరింగే తుపాకీ ఎత్తుతాడు నాలుగో అధ్యాయంలో. మనుషుల అరుపులకి అలవాటుపడిన చెవులు గుర్రం అరుపు భరించలేకపోయాయి. చెర్రీ కొమ్మకి బీజం అక్కడే పడింది.

రాత్రిచదువు
సరళరేఖ గారూ, ఇన్నిసార్లు చదివినా ఆ రెండూ కలిపి చూడలేదు. చాలా బాగా పట్టుకున్నారు.

తెల్లకాగితం_18
నైతిక గాయం అన్న మాట ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తోంది. దువాల్ దగ్గర అది వాడొచ్చా?

గోధూళి
వాడొచ్చు. అయితే ఎవరి నిర్వచనమో చెప్పి వాడండి, రెండున్నాయి, కలిపేస్తే గందరగోళమవుతుంది. మనోవైద్యుడు జోనథన్ షే 'అకిలీస్ ఇన్ వియత్నాం' (1994)లో చెప్పినది పైవాళ్ల ద్రోహం గురించి: న్యాయంగా అధికారంలో ఉన్నవాడు, ప్రాణాల మీదికొచ్చే సందర్భంలో, ధర్మాన్ని తప్పడం. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు రాసినదాంట్లో మనిషి తన నీతికి విరుద్ధంగా తానే చేసింది, ఆపలేకపోయింది, కళ్లతో చూసింది కూడా వస్తాయి.

ఆ లెక్కన దువాల్‌కి లిట్జ్ సరిపోతాడు. షే నిర్వచనం సరిపోయేది బడిపిల్లల్ని సైన్యంలోకి ఎగదోసిన కాంటొరెక్ మాస్టారికి. జోసెఫ్ బేమ్ సైన్యంలో చేరనని వెనకాడిన కుర్రాడు. మాస్టారి ఉపన్యాసాలకి లొంగి చేరాడు, అందరికంటే ముందు పోయినవాళ్లలో ఉన్నాడు. కళ్లకి దెబ్బ తగిలి, చచ్చాడనుకుని వదిలేస్తే, కనపడక పాకుతూ తిరుగుతుంటే కాల్చేశారు. ఆ పేరా పాల్ ఎంత తక్కువ మాటల్లో చెప్పాడో చూడండి.

పాతఅట్ట
కాంటొరెక్ ఒక్కడి మీద పెట్టకండి. పాలే అంటాడు, అలాంటి కాంటొరెక్‌లు వేలమంది, అందరూ తాము మంచే చేస్తున్నామనుకున్నారని. మొదటి ఫిరంగి దాడికే పెద్దవాళ్లు నేర్పిన లోకం ముక్కలైందంటాడు. షే చెప్పిన ద్రోహంలో ద్రోహి ఒకడుంటాడు, అతని మీద కోపం మండుతూ ఉంటుంది. పాల్‌లో ఆ మంట ఉండదు, నమ్మకం మొత్తంగా ఇగిరిపోయింది. కోపం కనపడేదల్లా శిక్షణలో వేధించిన హిమ్మెల్‌స్టోస్ మీద. అతన్ని దుప్పటి కప్పి చితక్కొట్టారు కూడా. అది తీరిపోయే కోపం కాబట్టి తీరింది.

వాక్యవేట
@పాతఅట్ట, సరే, షే పూర్తిగా కుదరడు. 'ద్రోహి కనపడని ద్రోహం' అని రాస్తే దగ్గరగా ఉంటుంది.

మనోలిపి
చరిత్ర వైపునుంచి ఒక సంగతి, వ్యాసంలో ఒక పేరాకి పనికొస్తుంది. పీటీఎస్‌డీ అన్న పేరు అధికారికంగా వచ్చింది 1980లో, డీఎస్ఎమ్-3తో. పాల్ కాలంలో బ్రిటిష్ వాళ్లకి 'షెల్ షాక్', 1915లో చార్లెస్ మయర్స్ లాన్సెట్ పత్రికలో వాడిన మాట. జర్మనీలో పోరు వేరు. హెర్మన్ ఓపెన్‌హైమ్ ఇది దెబ్బ వల్ల నరాలకి వచ్చిన జబ్బు అన్నాడు. 1916 సెప్టెంబర్‌లో మ్యూనిక్ సమావేశంలో మిగతావాళ్లు ఆయన్ని తోసిపుచ్చారు. ఇది హిస్టీరియా, సంకల్పబలం లేకపోవడం, పింఛను ఆశ అన్నది వాళ్ల వాదన. అదే ఏడు ఫ్రిట్జ్ కౌఫ్‌మన్ బలమైన కరెంటు షాకులూ గట్టి ఆజ్ఞలూ కలిపిన పద్ధతి ప్రకటించాడు. మనిషిని తిరిగి పనికో కందకానికో పంపడమే చికిత్స గురి.

ఆ సైన్యంలో వణుకు బయటపెడితే వచ్చే పేరు అదీ. పాల్ మౌనానికి కారణం లోపలిది ఒక్కటే కాదని గుర్తు పెట్టుకోండి. ఆరో అధ్యాయంలో ఊపిరాడక పిచ్చెత్తిన కొత్త కుర్రాణ్ని తోటివాళ్లే కొట్టి కూర్చోబెడతారు. వేరే మందు వాళ్లకి తెలియదు, బయటికి పరిగెడితే చస్తాడని మాత్రం తెలుసు.

తెల్లకాగితం_18
మాట్లాడకపోవడం గురించి: నాన్న అడిగినప్పుడు పాల్ చెప్పడు. షెల్ షాక్ సైనికులకి చికిత్స చేసిన బ్రిటిష్ వైద్యుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ లెక్కన మాట్లాడితే తేలికయ్యేది కదా?

వాక్యవేట
రివర్స్ 1917 చివర చదివి, 1918లో అచ్చేసిన వ్యాసం చూస్తే ఆయన అంత తేలిగ్గా చెప్పలేదు. జ్ఞాపకాన్ని బలవంతంగా తరిమెయ్యడమే జబ్బుని పెంచుతోంది అన్నాడు. దాన్ని ఎదుర్కోవాలి, అందులో భరించగలిగే ఒక కోణం దొరకాలి. అలా ఏ కోణమూ దొరకని రోగి గురించి కూడా ఆ వ్యాసంలోనే ఉంది. వినేవాడు ఎలాంటివాడన్నది కూడా ముఖ్యం. పాల్ నాన్నకి కావలసినవి సాహసకథలు. పాల్ భయం స్పష్టంగా రాసి ఉంది: వీటిని మాటల్లో పెడితే పెద్దవైపోయి నా అదుపు తప్పుతాయేమో అని. పదిహేడు రోజుల సెలవులో (అందులో మూడు ప్రయాణానికే) ఆ మూత తీసి, మళ్లీ బిగించుకుని వెనక్కి వెళ్లడం కుదరదు. చెప్పకపోవడం ఇక్కడ సరైన లెక్క.

అమ్మ దగ్గర సంగతి వేరు. అక్కడ చాలా కష్టంగా ఉందా అని అమ్మ అడుగుతుంది, లేదంటాడు. ఆమె జబ్బు అతనికి తెలుసు, అతని అబద్ధం ఆమెకి తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నారు.

అక్షరాలగూడు
సెలవు అధ్యాయంలో నన్ను వదలనిది గది. తన పుస్తకాల ముందు కూర్చుని, పాత ఉత్సాహం మళ్లీ రావాలని ఎదురుచూస్తాడు. పేజీలు తిప్పుతాడు. ఏమీ రాదు. ఆరో అధ్యాయంలో కాపలా కాస్తూ ముందే అనుకుంటాడు, ఆ చోట్లకి మళ్లీ వెళ్లినా, చనిపోయిన స్నేహితుడి ఫొటో చూసినట్టే ఉంటుందని. ఏడులో అది నిజమవుతుంది. భవిష్యత్తు లేదని ఐదులో తేలింది, గతం మూసుకుపోయిందని ఏడులో తేలింది. మిగిలింది వర్తమానం ఒక్కటే. నవల ఎక్కువ భాగం వర్తమాన కాలంలో నడవడం శైలి కోసమే కాదనిపిస్తుంది.

కందకం_నోట్సు
@అక్షరాలగూడు, అందుకే చివరి పేరా అంతలా తగులుతుంది. మూడో మనిషి గొంతు, భూతకాలం. పడిపోయాడు, 1918 అక్టోబర్‌లో, ఫ్రంట్ అంతా నిశ్శబ్దంగా ఉన్న రోజు.

పాతఅట్ట
ఆ పేరా గురించే. అంతం వచ్చినందుకు దాదాపు సంతోషిస్తున్నట్టు ముఖంలో ప్రశాంతత అని ఉంది. చావుకోరిక కాదా ఇది? అందరూ పోయారు, కాట్‌ని వీపున మోసుకొస్తే దారిలోనే తలకి చిన్న ముక్క తగిలి పోయాడు. ఇక బతకాలని లేదు.

వాక్యవేట
కాదు. ఆ ముఖం గురించి చెప్పేది పాల్ కాదు, ఎవరో మూడో మనిషి. 'సంతోషిస్తున్నట్టు' అన్న 'ట్టు' వదిలెయ్యకండి. శవం ముఖం చూసి మనసు చెప్పడం చూసినవాడి ఊహ. పాల్ సొంత చివరి మాటలు దానికి ముందు పేరాలో ఉన్నాయి: నెలలు, ఏళ్లు రానీ, నా దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదు, ఏ ఆశా లేని ఒంటరిని కాబట్టి భయం లేకుండా ఎదుర్కోగలను, నన్ను ఇన్నేళ్లు మోసిన ప్రాణం ఇంకా నా చేతుల్లో, కళ్లలో ఉంది. ఇందులో నిరాశ ఉంది. చావుకోరిక లేదు. ప్రాణం తన దారి తాను వెతుక్కుంటుందనే ఉంది. మొదట్లో @తెల్లకాగితం_18 అడిగిన ఆకలి, ఆ పరుగు, ఇదే ప్రాణం. రెండో అధ్యాయంలో కాళ్లలో ఉన్నది పన్నెండులో చేతుల్లో, కళ్లలో ఉంది.

పాతఅట్ట
'ట్టు' దగ్గర నేను జారానన్నమాట. సరే.

సరళరేఖ
కెమ్మెరిక్ తల్లికి ఇచ్చిన ఒట్టు గురించి ఎవరూ అనలేదు. కొడుకు బాధపడకుండా పోయాడని పాల్ అంటే, అది అబద్ధమైతే నువ్వు తిరిగి రాకూడదని ఒట్టేస్తావా అంటుందామె. వేస్తాడు. నిజానికి కెమ్మెరిక్ పక్కన కూర్చుని గంటసేపు చూశాడు. పాల్ తిరిగి రాలేదు.

మనోలిపి
శాపంలా చదవకండి, రచయిత అలా ఎక్కడా నొక్కలేదు. ఆ క్షణంలో పాల్ మనసు చూడండి. ఏం చెప్పయినా ఆమెని నమ్మించాలి, అదొక్కటే పని. తనకి ఇప్పుడు పవిత్రమైనది ఏముందని అనుకుంటూనే ఒట్టేస్తాడు. తిరిగి రావడం అన్నదాన్ని అంత తేలిగ్గా పందెం కాశాడంటే, అది తనదిగా అతను అప్పటికే అనుకోవడం లేదు. అక్షరాలగూడు చెప్పిన 'భవిష్యత్తు లేదు' అన్నదానికి నవల మొత్తంలో ఇదే గట్టి సాక్ష్యం.

రాత్రిచదువు
ఒక హెచ్చరిక. పాల్‌ని రిమార్క్‌తో ఒకటి చేసెయ్యకండి. పుట్టినప్పటి పేరు ఎరిక్ పాల్ రిమార్క్ కావడం, తల్లి 1917 సెప్టెంబర్‌లో పోవడం చూసి చాలామంది జారిపోతారు. రచయిత ఫ్రంట్‌కి చేరింది 1917 జూన్‌లో, గాయపడింది జులై 31న. మిగతా కాలం ఎక్కువగా డ్యూస్‌బర్గ్ ఆసుపత్రిలో. నవల ధారావాహికగా వచ్చింది 1928 నవంబర్‌లో, పుస్తకంగా 1929 జనవరిలో. పదేళ్ల తర్వాత రాసినవాడు, రాళ్లు లేవడం చూసినవాడు, ఇంకా లేవని కుర్రాడి గొంతుతో రాశాడు. ఏడో అధ్యాయం వాక్యం అతనికి తెలిసి రాసింది. పాల్‌కి మాత్రం అది ఊహ.

తెల్లకాగితం_18
వ్యాసం మొదటి పేరా ఇప్పుడు మారిపోయింది. ఏడో అధ్యాయం రాళ్ల వాక్యంతో మొదలుపెడతాను. తర్వాత అదే చెవి కందకంలో, ట్రామ్ దగ్గర. తర్వాత దువాల్ గంటల లెక్కన. చివరికి రెండో అధ్యాయం ఆకలి, పన్నెండో అధ్యాయం చేతులు. పీటీఎస్‌డీ అన్న మాట ఒక్కసారే వస్తుంది, ఎందుకు పెట్టడం లేదో చెప్పడానికి. బూట్ల వరస ఒకసారి సరిచూడండి: కెమ్మెరిక్, మ్యూలర్, పాల్. ఇంతేనా?

గోధూళి
కెమ్మెరిక్‌కి ముందు ఒక ఇంగ్లిష్ విమానచోదకుడు. మ్యూలర్ పొట్టలో అతిదగ్గరనుంచి సిగ్నల్ తుపాకీ దెబ్బ తగిలి, పోయేముందు పాల్‌కి ఇచ్చాడు. తన తర్వాత అవి ఇంకో తోటివాడు టియాడెన్‌వని పాల్ మాటిచ్చాడు.